మేక ముట్టని నీలిపూలు

నీలిపూల మొక్కల గురించి మా అత్త సైదమ్మ నన్ను తిట్టని రోజు ఆ చలికాలంలో ఒక్కటి కూడా లేదు. పొద్దున్నే కదురు చేతపట్టుకుని ఉన్ని వడకడానికి అరుగు మీద కూర్చోవడం, మొదలుపెట్టడం.

"ఏమే గుర్వీ, గీ గడ్డికి పొద్దుగాల్నే నీళ్ళు పోసినవా? కూరకొస్తదా, నారకొస్తదా? దేవునికి పెడ్తరా? కొప్పుల నిలుస్తదా? వాసనన్న ఉన్నదా అంటే అదీ లేకపాయె!"

నేనేం తక్కువ తిన్నానా? నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "పొద్దంత ఒర్రుతున్నవ్ గద అత్తా, నీ ఒర్రుడన్న కూరకొస్తదా?" అని చెంబులో మిగిలిన నీళ్ళు కూడా మొక్కలకే పోసేదాన్ని. పక్కింటి బిక్షమ్మ గోడ మీదుగా తల పెట్టి నవ్వుకునేది. మా ఇద్దరి నోళ్ళు వాడకట్టుకంతా తెలిసినవే.

కురుమవాళ్ళ ఇల్లు మాది. గొర్రెల మంద మా ఆయన భిక్షం వెంట చేలల్లో తిరిగేది. పాలకోసం ఉంచుకున్న మేకలు మాత్రం వాకిట్లోనే ఉండేవి. కట్టంగూరు అవతల మా పల్లెలో ఒక ఇంట్లో మొక్క ఉందంటే దానికేదో పని ఉండి తీరాలి. బీరతీగ కూరకు, మునగచెట్టు కాయకు, బంతిపూలు బతుకమ్మకు. ఇంటి దగ్గరి బావి ఉప్పుది, తాగే నీళ్ళు ఊరవతల నుంచి మోసుకు రావాలి. అట్లాంటి చోట ఏ పనీ చేయని పువ్వుకు నీళ్ళు పోస్తున్నానంటే మా అత్తకు ఒళ్ళు మండడంలో వింత లేదని అప్పట్లో నేనూ అనుకునేదాన్ని.

ఆ పూలు నాకెట్లా వచ్చాయో చెప్పాలి. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది నా బిడ్డ యాదలక్ష్మి పుట్టింది. దానికి ముందు నాకు ఇద్దరు కొడుకులు పుట్టి, పురిటి స్నానమైనా కాకముందే పోయారు. రెండుసార్లూ పురుడు పోసింది మా అత్తే. మూడోసారి మా ఆయన ఎవరి మాటా వినలేదు. నెలలు నిండగానే నన్ను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి చేర్చాడు. "గాడికి పోయినోళ్ళు మల్ల తిరిగొస్తరా కొడకా!" అని మా అత్త వాకిట్లో కూలబడి శోకాలు పెట్టింది. నేను తిరిగొచ్చాను, ఒళ్ళో బిడ్డతో సహా.

దవాఖానలో నా మంచం కిటికీ పక్కన వేశారు. కిటికీ కింద తడినేలలో చిన్న చిన్న నీలిపూలు. మొగ్గగా ఉన్నప్పుడు గులాబి రంగు, విచ్చుకుంటే ఆకాశం రంగు, నడుమ పసుపు చుక్క. సిస్టర్ మంజులత అని నల్లగొండ పిల్లే, డ్యూటీ అయిపోయాక తనే వాటికి నీళ్ళు పోసేది. అంతకుముందు అక్కడ పనిచేసి వెళ్ళిపోయిన ఒక డాక్టరు దొరసాని చలిదేశం నుంచి తెచ్చిన విత్తనమట. పేరడిగితే 'ఫర్గెట్ మి నాట్' అని చెప్పింది. నాకు నోరు తిరగలేదు.

"అంటే ఏందక్కా?" అన్నాను.

"నన్ను మర్వకు అని."

"అబ్బో! ఎంత పొగరక్కా దీనికి! నన్ను మర్వొద్దని దానికదే చెప్పుకుంటదా?"

మంజులతక్క కడుపు పట్టుకుని నవ్వింది. కానీ నిజం చెప్పాలంటే, పక్కలో బిడ్డ ఊపిరి తీస్తుంటే ఆ పూలను చూస్తూ పడుకున్నప్పుడే నాకు ఎన్నో ఏళ్ళుగా పట్టుకున్న భయం వదిలింది. రోజూ పొద్దున కళ్ళు తెరిచి ముందు బిడ్డను చూసేదాన్ని, తర్వాత పూలను. రెండూ ఉండేవి. ఇంటికి బయల్దేరే రోజు సిగ్గువిడిచి అడిగాను, నాకిన్ని విత్తనాలు ఇయ్యవా అని. గుడ్డపీలికలో కట్టి ఇచ్చింది.

"వానలు తగ్గినంక ఎయ్యి గుర్వమ్మా. నీడ ఉండాలె, తడి ఆరొద్దు. ఎండలు ముదిరితే పోతది, ఫికర్ చెయ్యకు. గింజలు ఏరి పెట్టుకుంటే మల్లేడు మల్లొస్తది."

నేను వింటానా! మొదటి ఏడు వానలు పడగానే ఆత్రంగా చల్లేశాను, కుళ్ళిపోయాయి. రెండో ఏడు చలికాలం దాకా ఆగాను గానీ కురుమ బుద్ధి పోనిచ్చుకోలేదు. మంచి బలం కదా అని గొర్రెల దొడ్లోంచి పచ్చి ఎరువు తెచ్చి దండిగా వేశాను. ఆ వేడికి మొలకలు మాడి మసైపోయాయి. మా అత్త వచ్చి వంగి చూసి, ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్ళింది. ఎత్తిపొడవకుండా వదిలిపెట్టిందేమిటా అని నాకే ఆశ్చర్యం వేసింది.

మూడో ఏడు, దసరా దాటాక, గుడ్డలో మిగిలిన గింజలను బీరపందిరి కింద, నీళ్ళ గోలెం పక్కన చల్లాను. పాత ఎరువును చేటతో చెరిగి పిండిలా చేసి వేశాను. గోలెంలోంచి ఒలికిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు వాటికే. చుట్టూ తుమ్మకంప నాటాను. మొలిచాయి. సన్నటి నూగున్న ఆకులు వేశాయి. పుష్యమాసం వచ్చేసరికి గోలెం చుట్టూ నీలి దుప్పటి పరిచినట్టు పూశాయి. నేను మురిసిపోతుంటే మా అత్త అరుగు మీది నుంచి "ఓయమ్మ, దొరసాని తోట! మేకలకన్న పనికొస్తదేమో ఎయ్యి!" అనేది. వాటితో పాటే యాదలక్ష్మినీ ఏదో ఒకటి తిట్టేది.

విచిత్రమేమిటంటే మేకలు వాటిని ముట్టేవి కాదు. మా మేకల సంగతి చెప్పనక్కర లేదు. పందిరెక్కి బీరతీగను తినేవి, చూరు తినేవి, ఆరేసిన గొంగడి అంచు నమిలేవి. తుమ్మకంప వాటికొక లెక్కా? మెడ చాపి కంప లోపలికి మూతి పెట్టేవి, వాసన చూసేవి, తుమ్మి వెనక్కు తిరిగేవి. "చూసినవా అత్తా, నీకన్న మేకలే నయం, వాటికి నా పూలంటే ఇజ్జతున్నది" అని నేను ఎగిరెగిరి పడేదాన్ని. అత్త ఏమీ ఎరగనట్టు కదురు తిప్పుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం నేను జొన్నలు దంచుతున్నాను. యాదలక్ష్మికి మూడేళ్ళు నిండాయి అప్పటికి, ఒక్కచోట కూర్చునే పిల్ల కాదు. "అత్తా, పిల్లను జర చూడు" అని చెప్పి రోకలి పట్టుకున్నాను. అత్త ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతోంది. ఆ వెచ్చదనానికి కునుకు పట్టిందట.

రోకలి ఆపి తల తిప్పితే పిల్ల కంప సందులోంచి దూరి పూల నడుమ కూర్చుని ఉంది. రెండు గుప్పిళ్ళ నిండా మొక్కలు. దవడలు ఆడుతున్నాయి. మూతి పచ్చగా, నీలంగా అయిపోయింది. ముఖం వికారంగా పెట్టి, చొంగ కార్చుకుంటూ, "థూ అమ్మా, థూ" అంటోంది. నేను పరిగెత్తి ఎత్తుకునేలోపు నా భుజం మీద భళ్ళున కక్కింది.

"ఓ యమ్మో! నా బిడ్డ ఏందో తిన్నదో!" అని నేను పెట్టిన కేకకు వాడకట్టంతా మా వాకిట్లోకి వచ్చింది. బిక్షమ్మ ఒక మనిషిని చేనుకు పరిగెత్తించింది, మా ఆయనను పిలుచుకు రమ్మని. మా అత్త లేచి నిలబడింది గానీ చేతిలో కదురు వదలలేదు.

బక్కయ్య మామ వచ్చాడు. మా మామగారి అన్న ఆయన, మా కులంలో పెద్దమనిషి. గొర్రెకు రోగమొచ్చినా మనిషికి రోగమొచ్చినా ముందు ఆయన గడప తొక్కాల్సిందే. పిల్ల గుప్పిట్లోంచి ఆకులు తీసి నలిపి చూశాడు, తల ఆడించాడు.

"ఏం మొక్కనే ఇది?"

"దవాఖాన సిస్టరమ్మ ఇచ్చింది మామా. పూల మొక్క."

"దవాఖానల మందులుంటయ్, మాకులుంటయ్. ఏ మందు మొక్కనో ఏమో!" అంటూ ఆయన ఒక కొమ్మ తెంపుకుని మేకల దగ్గరికి నడిచాడు.

మా వాళ్ళకు ఆకు మంచిదో చెడ్డదో తెలుసుకోవడానికి ఉన్న పద్ధతి అదొక్కటే. కొత్త అడవికి పోతే ముందు మేకను వదులుతారు. మేక తిన్న ఆకు దగ్గర గొర్రెలను మేపుతారు, మేక వదిలేసిన ఆకు దగ్గరి నుంచి మందను తోలుకుపోతారు. తాతల నాటి నుంచి ఆ లెక్క తప్పలేదని నమ్మకం.

బక్కయ్య మామ కొమ్మను ముసలి మేక మూతి దగ్గర పెట్టాడు. అది వాసన చూసింది. తుమ్మింది. ముఖం తిప్పేసింది. ఇంకో మేకకు పెట్టాడు. అదీ అంతే.

"మేక ముట్టలేదు. ఇషమే," అన్నాడు ఆయన.

ఇన్నాళ్ళూ మేకలు నా పూలను ముట్టకపోతే మురిసి ముక్కలయ్యానే, అది విషమన్న మాట నా బుర్రకు తట్టలేదే! ఎవరో చింతపండు పిసికారు, ఎవరో ఉప్పు కలిపారు. పిల్ల నోరు తెరిచి చెంబుడు నీళ్ళు పోశారు. అది కక్కింది. మళ్ళీ పోశారు. మళ్ళీ కక్కింది. మళ్ళీ పోసేసరికి ఏడవడానికి కూడా ఓపిక లేక నా చేతుల్లో వేలాడిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కండ్లు మూస్తాంది మామా, ఏమన్న చెయ్యి మామా, నీ బాంచెన్!" అన్నాను.

"ఇషం కడుపులకు దిగింది. వాత పెట్టాలె. పొయిల కడ్డీ పెట్టుండ్రి," అన్నాడు బక్కయ్య మామ. గొర్రెకు కడుపుబ్బినా, మనిషికి కడుపు నొచ్చినా మా దగ్గర ఆఖరి మందు అదే, కాల్చిన ఇనుప కడ్డీతో బొడ్డు చుట్టూ వాతలు.

బిక్షమ్మ పొయ్యిలో కడ్డీ పెట్టి ఊదుతోంది. నేను పిల్లను ఆమె కూతురి చేతిలో పెట్టి, పిచ్చిదానిలా పూల మీద పడ్డాను. రెండు చేతులా పెరికి పారేశాను. మూడేళ్ళు ముచ్చటపడి పెంచుకున్న మొక్కలు. వేళ్ళకు మట్టి, కంప గీరిన నెత్తురు. పెరుకుతూ మా అత్త వైపు తిరిగి అరిచాను.

"రోజూ తిట్టినవ్ గద! సచ్చిపోవాలె సచ్చిపోవాలె అని తిట్టినవ్ గద! నీ తిట్లే తగిలినయ్ నా బిడ్డకు!"

మా అత్త పొయ్యి వైపు చూసింది. కడ్డీ కొన ఎర్రబడుతోంది. బక్కయ్య మామ దాన్ని తడిగుడ్డతో పట్టుకుని లేచాడు. పిల్ల చొక్కా పైకి లాగారు.

"ఆగు బావా!" అన్నది మా అత్త. ఆమె గొంతు నేనెన్నడూ వినని గొంతు. "ఆగు. ఆకుల ఇషం లేదు. మేకలు ముట్టకపోయేది ఇషానికి కాదు. నా వల్ల."

"ఏమంటున్నవే సైదీ?"

"పెంటికల నీళ్ళు చల్లుతున్న. గుర్వి నీళ్ళకు పోంగనే మేక పెంటికలు నానేసి, గుడ్డల వడగట్టి, యాపమండతోటి ఆకులకు చల్లుత. దసరా సంది చల్లుతనే ఉన్న. తన పెంటిక వాసనొస్తే మేక ముడ్తదా? నీకు తెల్వదా బావా? ఈ పొద్దు గూడ చల్లిన."

బక్కయ్య మామ చేతిలో కడ్డీ అట్లాగే ఉండిపోయింది. తన పెంటిక అంటిన ఆకును మేక ముట్టదని ఆయనకు తెలియకపోవడమేమిటి, చిన్నప్పటి నుంచీ ఆ పనిలోనే ఉన్న మనిషి. పంట అంచుకు ఆ నీళ్ళు చల్లి మందను దాటించిన రోజులు ఎన్నో.

"నువ్వు చల్లినవా? పొద్దుమాపు ఆ మొక్కలను శాపనార్థాలు పెట్టేదానివి, నువ్వు వాటిని కాపాడినవా?" అన్నాడు నమ్మలేక.

మా అత్త గోలెం వెనక్కు వెళ్ళింది. గోడకూ గోలేనికీ నడుమ, మేక మూతి దూరనంత ఇరుకులో, నాలుగు మొక్కలు నక్కి ఉన్నాయి. వాటి దాకా ఆమె వేపమండ ఎన్నడూ అందలేదట. నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి, ఒక కొమ్మ పీకింది. వచ్చి ముసలి మేక ముందు పెట్టింది.

మేక వాసన చూసింది. వాకిలంతా ఆ మేక మూతి వైపే చూస్తోంది.

కొరికింది. కరకరా నమిలింది. పువ్వూ, ఆకూ, కాడా మింగి ఇంకా కావాలని మా అత్త కొంగు పట్టి లాగింది.

"తిన్నది! మేక తిన్నది!" అని బిక్షమ్మ గావుకేక పెట్టింది. బక్కయ్య మామ కడ్డీని గోలెంలోకి విసిరేశాడు, అది బుస్సుమన్నది. నేను ఎక్కడున్నదాన్ని అక్కడే కూలబడి పిల్లను లాక్కుని ఏడ్చాను. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు. అయినా పిల్ల కళ్ళు తెరవడం లేదు. అప్పుడే వచ్చాడు మా ఆయన, గొంగడి భుజాన ఉండగానే. పిల్లను ఎత్తుకుని, "నడువు, దవాఖానకు," అన్నాడు.

కట్టంగూరు సడక్ దాకా పరుగులాంటి నడక. మా ఆయన ముందు, నేను వెనక, నా వెనక మా అత్త, ఉత్త కాళ్ళతో. ఆమెను రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని కూడా అనలేదు. బస్సు దొరికింది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. దాని ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చటి గాలి తగులుతోందా లేదా అని చూసుకుంటూనే కూర్చున్నాను. తగులుతోంది. మళ్ళీ చూశాను. తగులుతోంది.

కొంచెం దూరం పోయాక మా అత్త వైపు తిరిగాను. నేనన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

"అత్తా, నీకు గా పూలు ఇష్టమైతే ఎన్నడన్న చెప్పొద్దా? ఎందుకు తిట్టినవ్?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నది.

"మంచిగున్నదాన్ని మంచిగున్నదంటే నిలుస్తదే గుర్వీ? నాకు నలుగురు పోయినంక వీడు పుట్టిండు. పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి, చాటల ఏస్కొచ్చుకొని, అడుక్కున్నోని లెక్క భిక్షమని పేరు పెట్టిన. ఒక్కనాడు ముద్దు చెయ్యలే. నలుగుట్ల తిట్టిన. ఇంట్ల పండినంక కాళ్ళు పట్టుకొని ఏడ్సిన. బతికిండు."

ముందు సీట్లో కూర్చున్న మా ఆయన వెనక్కు తిరగలేదు, కానీ వింటున్నాడని నాకు తెలుసు.

"నీ కొడుకులు పుట్టినప్పుడు నేనా పని చెయ్యలే. మనుమడు పుట్టిండని వాడంత తిరిగి చక్కెర పంచిన. ఎంత తెల్లగున్నడో సూడుండ్రి అని ఎత్తి ఎత్తి సూపెట్టిన. రెండోవానికీ అంతే. నా మురుపమే దిష్టి లెక్క కొట్టింది వాళ్ళను. ఇగ ఈ పోరి వచ్చింది, గా గింజలు పట్టుకొని వచ్చింది. రెండూ ఒక్కతాన్నే పుట్టినయనిపిచ్చింది నాకు. అవి మాడిపోయిన ఏడు నాకు నిద్ర పట్టలే. అందుకనే రెండింటినీ కలిపే తిట్టిన. రెండింటినీ కలిపే కాపాడిన. ఇయ్యాల వాడకట్టు ముంగట నోరు తెరువాలంటే, ఇన్నేండ్లు దాసింది బయట పెడ్తున్ననే అని పానం గుంజింది. కడ్డీ సూసినంక ఇగ ఆగలే."

ఆమె పాదాల వైపు చూశాను. సడక్ కంకర గీరి మడమలు నెత్తురోడుతున్నాయి. నా కొంగు చింపి కట్టబోతే "ఛీ, ఊకో, ముందుగాల పిల్లను సూడు" అని కసిరింది.

దవాఖానలో మంజులతక్క మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు, నాలుక, పొట్ట చూసింది. డాక్టరును పిలిచింది. ఆయన కూడా చూశాడు. సంగతంతా నేను చెబుతుంటే మంజులతక్క పిల్ల నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి గభాలున వెనక్కు జరిగింది.

"ఏందిది, పెంటిక వాసనొస్తాంది!"

మా అత్త కొంగుతో ముఖం కప్పుకుంది. డాక్టరు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"కక్కకేం జేస్తది! పెంటిక నీళ్ళు తాగితే మనం కక్కమా? నాలుగు ఆకులు నమిలితే ఏం కాదు. ఇన్నిన్ని ఉప్పునీళ్ళు పోసి పోసి పిల్లను నీరసం చేసిండ్రు మీరే. నిద్ర పోతాంది అంతే. కొద్దికొద్దిగ చక్కెర నీళ్ళు తాపిద్దాం," అన్నది మంజులతక్క.

ఆ మాటకు మా ఆయన గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. మొదటిసారి చూశాను ఆయన కళ్ళు తుడుచుకోవడం. మంజులతక్క చెంచాతో చక్కెర నీళ్ళు పోస్తుంటే పిల్ల చప్పరించింది, ఇంకొంచెం కావాలని నోరు తెరిచింది. పొద్దు వాలేసరికి లేచి కూర్చుంది. మా అందరినీ ఒకసారి చూసి, మా అత్త దగ్గర చూపు ఆపి, "అవ్వా, రొట్టె," అన్నది.

అబ్బ, ఆ రెండు మాటలు! గుండెల మీది బండ ఎవరో దించినట్టు తేలికైపోయాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. మంజులతక్క పిల్లను చంకనేసుకుని వరండాలో అటూ ఇటూ తిప్పింది. అది ఆమె టోపీ పీకుతోంది, ఆమె నవ్వుతోంది.

"ఎంత ముద్దుగ తయారైంది గుర్వమ్మా నీ బిడ్డ! బుగ్గలు సూడు, కండ్లు సూడు! బంగారం!"

పక్కన మా అత్త ఉలిక్కిపడింది. ఆమె నోరు తెరిచేలోపే నా నోట్లోంచి వచ్చేసింది.

"ఏం ముద్దక్కా, ఒట్టి కాకిపిల్ల! చీమిడి ముక్కు, బొగ్గు మొఖం. పొద్దంత తిండి తిండి అని సంపుతది. ఎవలన్న అడిగితే ఊకెనే ఇచ్చేస్త."

మంజులతక్క నిర్ఘాంతపోయి పిల్లను గుండెకు హత్తుకుంది. "అయ్యో, గదేం మాట! కన్నతల్లివేనా నువ్వు?"

మా అత్త నా వైపు తిరిగింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ 'ఏమే' అనో 'గుర్వీ' అనో తప్ప ఇంకో పిలుపు నేను ఆమె నోట వినలేదు. చెయ్యి చాచి నా భుజం పట్టుకుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధార కడుతున్నాయి.

"నిజమే బిడ్డా," అన్నది నాతో. "ఒట్టి కాకిపిల్ల."